ఎర్రచేనుకీ నల్లచేనుకీ రాయి ఒకటే

ఎర్రనేల గ్రానైటు నుంచి, నల్లరేగడి బసాల్టు నుంచి పుట్టాయని బడిలో చదువుకున్నాం. మహారాష్ట్ర వైపు ఆ మాట చాలావరకు చెల్లుతుంది. మా నెల్లూరు మెట్టలో చెల్లదు. జలదంకి నుంచి పడమరగా కలిగిరి, వింజమూరు, ఉదయగిరి వైపు సాగితే బసాల్టు పరుపన్నదే కనిపించదు. అక్కడున్నది నైస్, కాకిబంగారం మెరిసే షిస్టు, నల్లటి హార్న్‌బ్లెండ్ రాళ్ళు, మధ్యమధ్య తెల్లటి పలుగురాయి. అయినా మిట్ట మీద ఎర్రచేను ఉంటుంది, దాని దిగువనే నల్లచేను ఉంటుంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టిందెవరో పాఠ్యపుస్తకం చెప్పదు.

ఎండకు రాయి పగులుతుందని, చెట్టు వేరు నెర్రెలో దూరి దాన్ని చీలుస్తుందని రైతుకు ఎప్పుడూ తెలిసిందే. నేలంటే రాతిపొడి మాత్రమే కాదనీ, వాతావరణం, జీవులు, ఎత్తుపల్లాలు, కాలం కూడా దాన్ని తయారు చేస్తాయనీ రష్యాలో దొకుచాయెవ్ చూపించాడు. ఆయన నల్లనేలల గ్రంథం 1883లో వచ్చింది. 1941లో నేలశాస్త్రవేత్త హాన్స్ జెన్నీ ఆ కారణాలకు సూత్రరూపం ఇచ్చాడు. ఇంతవరకు పేచీ లేదు.

పేచీ అంతా రేగడి దగ్గరే. 'రేగడ' అన్న మన మాటే 'రేగర్'గా మారి ఇంగ్లీషు భూగర్భశాస్త్రంలోకి వెళ్ళింది. 19వ శతాబ్దంలో వాయ్‌సీ, క్రిస్టీ అనే పరిశీలకులు దాన్ని ట్రాప్ రాయి, అంటే బసాల్టు, చివికితే వచ్చిన మట్టి అన్నారు. మద్రాసు సైన్యంలో పనిచేసిన న్యూబోల్డ్ ఒప్పుకోలేదు, అది నీటి అడుగున పేరుకున్న ఒండ్రు అన్నాడు. 1879లో వెలువడిన భారత భూగర్భశాస్త్ర గ్రంథం ట్రాప్ లేని చోట్ల కూడా రేగడి ఉందని ఒప్పుకుంది. ఆ ఒప్పుకోలు పాఠ్యపుస్తకాలకు ఎక్కలేదు. తేలికగా గుర్తుండే సగం మాటే ఎక్కింది.

న్యూబోల్డ్ చెప్పిన నీటి అడుగు ఒండ్రును నేను నమ్మను. కానీ నీటిని అనుమానించడంలో ఆయన తప్పలేదు. 1935లో నేలశాస్త్రవేత్త జెఫ్రీ మిల్న్ తూర్పు ఆఫ్రికాలో మిట్టన ఎర్రమట్టి, పల్లాన నల్లమట్టి ఒకే వరసగా దిగడం చూసి దానికి 'గొలుసు' అని అర్థమొచ్చే పేరు పెట్టాడు. మా చేలు కూడా ఆ గొలుసే.

మిట్ట మీద కొత్తగా తవ్విన బావి ఒరను చూస్తే సంగతి తెలుస్తుంది. పైన మూరెడు ఎర్రమట్టి, దాని కింద గరుసు, ఇంకా కింద రాయి. ఆ రాతిలో చారలు చెక్కుచెదరకుండా ఉంటాయి. గడ్డ తీసి నలిపితే మాత్రం పిండైపోతుంది. అరచేతిలో అభ్రకం తళుకులు, పలుగు రవ్వలు మిగులుతాయి. వాననీరు గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని పలుచటి ఆమ్లమై, రాతిలోని ఖనిజమైన ఫెల్డ్‌స్పార్‌ను తినేస్తుంది. సున్నం, మెగ్నీషియం, కొంత సిలికా నీళ్ళతో దిగువకు పోతాయి. మిట్టన కయోలినైట్ బంకమట్టి, తుప్పుపట్టిన ఇనుపరంగు మిగులుతాయి. పల్లంలో నీళ్ళు ఆగుతాయి. మాకు ఎక్కువ వాన ఈశాన్య రుతుపవనాలతో కొద్ది వారాల్లోనే పడుతుంది, తర్వాత నెలల తరబడి ఎండ. నీరు ఆవిరై, మోసుకొచ్చిన సున్నమూ సిలికా అక్కడే చిక్కబడతాయి. అలాంటి చోట తయారయ్యేది స్మెక్టైట్, అంటే తడిస్తే ఉబ్బి ఆరితే నెర్రెలిచ్చే బంకమట్టి. సున్నపు గులకలు కూడా అక్కడే కడతాయి. నలుపును చూసి సేంద్రియం పుష్కలమనుకోవడం పొరపాటు. ఈ నేలల్లో అది తక్కువే, ఆ కొంచెమూ బంకమట్టిని గట్టిగా పట్టుకుని ఉంటుంది.

రాయికి ఇందులో ప్రమేయం లేదని కాదు. హార్న్‌బ్లెండ్ ఎక్కువున్న చోట సున్నం, మెగ్నీషియం దండిగా దొరుకుతాయి, రేగడి త్వరగా కుదురుతుంది. కానీ రాయి ఒక్కటే కారణమైతే ఒకే నైస్ మీద రెండు రంగులు ఎలా వస్తాయి? బండీపూర్ అడవిలోని ములెహొళె పరీవాహకంలోనూ నైస్ మీదే వాలుల్లో ఎర్రనేల, పల్లాల్లో నల్లనేల ఉన్నాయి.

పొగాకు బోర్డు తేలిక నేలల పంటను, నల్లనేలల పంటను వేరుగా లెక్కిస్తుంది. వ్యాపారానికి పట్టిన ఈ తేడా మన నేల పరీక్షలకు పట్టలేదు. 2015లో మొదలైన భూసార పత్రంలో 12 అంశాలుంటాయి: నత్రజని, భాస్వరం, జింకు, ఉదజని సూచిక వగైరా. మట్టి లోతు గడి లేదు. మెట్టలో పంటను నిలబెట్టేది ఆ లోతే, మూరెడా జానెడా అన్నదే. ఎరువు మోతాదు రాసిచ్చి, వేరు ఎంతవరకు దిగుతుందో అడగని పత్రాన్ని నేను సగం పత్రమనే అంటాను.

అంతకన్నా బాధ గరుసు తవ్వకాలను చూస్తే కలుగుతుంది. రోడ్లకూ ఇళ్ళ ప్లాట్లకూ మిట్టలను యంత్రాలతో గీకేస్తున్నారు. అంగుళం మట్టి కుదరడానికి వందల ఏళ్ళు పడుతుంది, లారీ పది నిమిషాల్లో నిండుతుంది. పోయేది మిట్ట ఒక్కటే కాదు. దిగువ నల్లచేనుకు సున్నం దింపేదీ, వాననీటిని ఇంకించి మెల్లగా వదిలేదీ ఆ చివికిన రాయే.

పాతరోజుల్లో వేసవిలో చెరువు ఎండగానే అడుగున పేరుకున్న నల్లటి ఒండ్రును బండ్లకెత్తి మిట్ట మీది ఎర్రచేలకు తోలేవాళ్ళు. నీరు దించిన మట్టిని ఎడ్లు మళ్ళీ పైకి లాగేవి. ఇప్పుడు పూడిక తీసినప్పుడు కూడా ట్రాక్టర్లు వస్తున్నాయి. వాటిలో కొన్ని చేల గట్లు దాటి, ఊరి బయట ప్లాట్ల గుంటల దగ్గర మట్టి దించడం నేను చూశాను.