డాల్డా నూనేనా? కర్నూలు నుంచి ఒక పన్ను కథ

కర్నూలు వైపు బుడ్డలంటారు. కడప వైపు శనక్కాయలంటారు. పుస్తకాల్లో వేరుశనగ. పేరేదైనా గింజ ఒకటేనని మనకి తెలుసు. పన్నుల శాఖ దగ్గర మాత్రం తెలిస్తే చాలదు, రుజువు చెయ్యాలి. కర్నూలులోని తుంగభద్ర ఇండస్ట్రీస్ అనే నూనె కంపెనీ అలాంటి రుజువు కోసమే సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. అడిగిన ప్రశ్న చూస్తే చిన్నదే: వేరుశనగ నూనెని వనస్పతిగా, అంటే మనం డాల్డా అని పిలిచే గడ్డ సరుకుగా మారిస్తే, అది ఇంకా వేరుశనగ నూనేనా, కాదా?

చిన్న వ్యాపారికి చట్టంతో వచ్చే చిక్కులంటే మనకి చెల్లని చెక్కులు, కొట్టు ఖాళీ చెయ్యమనే ఓనర్లు, భాగస్తుల తగాదాలు గుర్తొస్తాయి. అవి ఎప్పుడో ఒకసారి వచ్చేవి. రోజూ ఎదురయ్యే చిక్కు వేరు: నువ్వు అమ్మే వస్తువు పేరేంటి, బిల్లులో దాన్ని ఎక్కడ రాశావు? తుంగభద్ర ఇండస్ట్రీస్ చిన్న సంస్థేమీ కాదు. కానీ దాని కేసు ఆ రెండు ప్రశ్నల మీదే నడిచింది.

కథ మద్యనిషేధంతో మొదలవుతుంది. మద్రాసు ప్రెసిడెన్సీలో రాజాజీ ప్రభుత్వం 1937లో సేలం జిల్లాలో నిషేధం పెట్టింది, 1938లో దాన్ని కడప, చిత్తూరు జిల్లాలకి పెంచింది. కల్లు, సారాయి మీద వచ్చే రాబడి పోయింది. ఆ లోటు పూడ్చుకోవడానికి 1939లో జనరల్ సేల్స్ టాక్స్ చట్టం తెచ్చారు. కడపలో మూతపడ్డ కల్లు దుకాణం లెక్క చివరికి కర్నూలు నూనె వ్యాపారి ఖాతా పుస్తకంలో తేలిందన్నమాట.

ఆ చట్టం కింద వేరుశనగ కొన్నప్పుడు కొన్నవాడే పన్ను కట్టాలి. ఆ గింజల నుంచి తీసిన నూనె అమ్మితే మళ్ళీ పన్ను. ఒకే సరుకు మీద రెండు దెబ్బలు పడకుండా నిబంధనల్లో ఒక వెసులుబాటు ఇచ్చారు. తయారీదారుగా రిజిస్టరై, గింజల కొనుగోలు మీద పన్ను కట్టి ఉంటే, ఆ గింజల విలువని నూనె అమ్మకాల లెక్కలోంచి తీసెయ్యొచ్చు. ఇవాళ్టి ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్‌కి ఇది తాతలాంటిది.

కంపెనీ అమ్మేది మూడు రకాలు: ముడి నూనె, రిఫైన్డ్ నూనె, వనస్పతి. నిబంధనలో ఉన్న మాట మాత్రం వేరుశనగ నూనె, అంతే. రిఫైన్డ్ నూనె కూడా నూనే అని హైకోర్టు ఒప్పుకుంది, వనస్పతి దగ్గర ఆగిపోయింది. 1960 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ అడ్డు కూడా తీసేసింది. తీర్పు రాసింది జస్టిస్ రాజగోపాల అయ్యంగార్. ఆయన తర్కం ఇది: అది వేరుశనగ నుంచి వచ్చి ఉండాలి, నూనె అయి ఉండాలి. ద్రవంగా ఉండటమే నూనె లక్షణం అనుకోవడం పొరపాటు. హైడ్రోజన్ ఎక్కించడం వల్ల గడ్డకట్టింది, ఎక్కువకాలం నిలవ ఉంటుంది, అంతేగానీ వంటలో దాని వాడకం మారలేదు.

నాకు ఈ తీర్పులో నచ్చింది ఆ చివరి మాటే. రసాయనశాస్త్రంతో పాటు, వంటింట్లో దీన్ని దేనికి వాడతారని కూడా కోర్టు అడిగింది. మన ఇళ్ళల్లో ఎవరినడిగినా అదే చెబుతారు.

అదే తీర్పులో కంపెనీ ఓడిపోయిన ముక్క ఒకటుంది, దాన్ని ఎవరూ పెద్దగా చెప్పుకోరు. రైలు కిరాయిని ధరలో కలపకుండా విడిగా చూపించి వసూలు చేస్తే దాని మీద పన్ను లేదు. కంపెనీ బిల్లుల్లో కిరాయితో కలిపిన ధర వేసి, కింద కిరాయిని తీసివేసి చూపించారు. ఇది విడిగా వసూలు చేసినట్టు కాదంది కోర్టు. కూడికా తీసివేతా చేస్తే చివర వచ్చే మొత్తం ఒకటే. కానీ పన్ను చూసేది మొత్తాన్ని కాదు, ఏ గడిలో రాశావన్నదాన్ని. నేను కొంతకాలం బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మీద పనిచేశాను. హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ మాకొక డ్రాప్‌డౌన్. అందులో ఒక వరస అటూ ఇటూ అయితే కొట్టువాడికి నోటీసు వస్తుందని ఈ తీర్పు చదివాకే నాకు బాగా అర్థమైంది.

ఈ కంపెనీ పేరు 1963లో మళ్ళీ సుప్రీంకోర్టు పుస్తకాల్లోకెక్కింది. ఇలాంటి ప్రశ్నే పైకోర్టుకి వెళ్ళదగ్గదని ఒకసారి ఒప్పుకున్న హైకోర్టు, ఇంకోసారి అందులో అంత ప్రశ్నే లేదంది. అది పైకే కనిపించే తప్పని సుప్రీంకోర్టు తేల్చింది. రివ్యూ అంటే మారువేషంలో వచ్చిన అప్పీలు కాదని చెబుతూ వకీళ్ళు ఇవాళ్టికీ ఈ కేసునే ఉదహరిస్తారు.

ఇదంతా పాతకథ కదా అనొచ్చు. బేతంచెర్లలో, ఎర్రగుంట్లలో నాపరాళ్ళు కోసి పాలిష్ పట్టే యూనిట్లున్నాయి. రాయిని కోస్తే వచ్చేది రాయేనా, కొత్త వస్తువా? పాలరాతి విషయంలో సుప్రీంకోర్టు 2003లో దిమ్మెల్ని పలకలుగా కొయ్యడం తయారీ కాదంది. 2009లో, వేరే చట్టం కింద, కోసి పాలిష్ పడితే తయారీయే అంది. 2020లో కర్ణాటక పన్ను అధికారులు పరోటా రొట్టె కిందకి రాదని 18 శాతం వేశారు. డాల్డా ప్రశ్న పోలేదు, సరుకు మారిందంతే.

మారింది ఇంకొకటుంది. 1939 నిబంధన అడిగింది నువ్వు పన్ను కట్టావా అని. ఆ రసీదు నీ దగ్గరే ఉంటుంది. జీఎస్టీ చట్టం 16వ సెక్షన్ నీకు సరుకు అమ్మినవాడు పన్ను కట్టాడా అని అడుగుతుంది. వాడు కట్టకపోతే నీ క్రెడిట్ పోతుంది. ప్రొద్దుటూరులో బట్టల కొట్టు పెట్టుకున్నవాడు సూరత్‌లో ఎవరో చలానా కట్టాడో లేదో ఎలా కనుక్కోవాలి?

తుంగభద్ర ఇండస్ట్రీస్‌కి ఢిల్లీ దాకా పోయే స్తోమత ఉంది కాబట్టి వనస్పతి నూనె అయింది. ఆ తీర్పు చిన్న మిల్లులకీ పనికొచ్చింది. చిన్నవాళ్ళకి చట్టం చాలాసార్లు ఇలాగే అందుతుంది, ఎవరో పెద్దవాడు తన లాభం కోసం కొట్లాడి గెలిస్తే. పెద్దవాడికి నొప్పి తగలని చోట ఆ కొట్లాట ఎవరు చెయ్యాలి? నోటీసులో ఉన్న మొత్తం వకీలు ఫీజుకన్నా తక్కువైతే కొట్టువాడు కట్టేసి ఊరుకుంటాడు. కోర్టుకెళ్ళని ఆ కేసులు ఏ తీర్పుల పుస్తకంలోనూ ఉండవు.