ఇచ్ఛాపురం కాదు, ఇషాపూర్ - బోల్టు మీద నంబరు కథ

నేను తమిళ మీడియంలో చదివినవాణ్ణి, తెలుగులో తప్పులుంటే మన్నించండి.

మొన్న సోనేపూర్ సముద్రం ఒడ్డున మనవాళ్లలో ఒకాయన, "త్రీ నాట్ త్రీ రైఫిల్ మన ఇచ్ఛాపురంలోనే తయారయిందట కదా!" అన్నారు. కాదండీ. బాహుదా ఒడ్డున ఉన్నది మన ఇచ్ఛాపురం. రైఫిల్ ఫ్యాక్టరీ కలకత్తా దగ్గర, హుగ్లీ ఒడ్డున ఇషాపూర్‌లో 1904లో మొదలయింది. రైల్వే గుమాస్తాగా పనిచేసినవాణ్ణి, రెండు స్టేషన్లు కలిపేస్తే ఊరుకోలేను.

ఆ రైఫిల్ నాకూ తెలుసు. కాలేజీలో ఎన్.సి.సి. క్యాడెట్‌ని. ఒకరోజు బోల్టులన్నీ తుడిచి దుప్పటి మీద పెట్టాం. చేతికి అందిన బోల్టు నా రైఫిల్‌లో వేశాను. చక్కగా మూసుకుంది. హవల్దార్ గారు బోల్టు పిడి మీద నంబరు, రైఫిల్ మీద నంబరు చూశారు. రెండూ వేరు. "మూసుకుంటే సరిపోయిందా? పేలితే పోయేది నీ కన్నే" అని గట్టిగా తిట్టారు.

ఎందుకో తరువాత తెలిసింది. త్రీ నాట్ త్రీ తూటాకి అడుగున అంచు ఉంటుంది. ఆ అంచు బారెల్ వెనక భాగానికి ఆనుతుంది, వెనక నుంచి బోల్టు పట్టుకుంటుంది. ఆ మధ్య ఖాళీనే హెడ్‌స్పేస్ అంటారు. తక్కువైతే బోల్టు మూసుకోదు. ఎక్కువైతే పేలినప్పుడు ఇత్తడి గొట్టం సాగి తెగుతుంది, మండే గ్యాసు కాల్చేవాడి మొహం మీదకి వస్తుంది.

చూడడానికి రెండు గేజిలు. 0.064 అంగుళాల గేజి పెడితే బోల్టు మూసుకోవాలి, 0.074 పెడితే మూసుకోకూడదు. తేడా పావు మిల్లీమీటరు! పట్టాలకైనా తుపాకీకైనా గేజి గేజే.

లక్షల రైఫిళ్లు ఒకే నమూనాలో చేసినా, బోల్టుని ఏ రైఫిల్‌కి ఆ రైఫిల్‌కే సరిచూసి నంబరు కొట్టేవారు. రెండో ప్రపంచ యుద్ధం నాటి నంబర్ 4 రైఫిల్‌కి బోల్టు తలలు 0 నుంచి 3 దాకా నాలుగు సైజుల్లో ఇచ్చారు. ఆర్మరర్ కొలిచి, సరిపడేది బిగించేవాడు. 1962 యుద్ధం తరువాత ఇషాపూర్‌లో 7.62 తూటాకి 2ఏ1 రైఫిల్ చేశారు. ఆ తూటాకి అలాంటి అంచు లేదు, భుజం దగ్గర ఆగుతుంది. అందుకని పాత గేజి దానికి పనికిరాదు.

మనలో ఎవరింట్లోనైనా లైసెన్సు మీద ఇషాపూర్ .315 రైఫిల్ ఉంటే ఒక్క మనవి. ఆయుధపూజకి తుడవండి, బొట్టు పెట్టండి. కానీ బోల్టు గానీ బారెల్ గానీ మారిస్తే, ఆర్మరర్ గేజి పెట్టి చూసేదాకా ఒక్క తూటా కూడా పేల్చకండి. మన సంఘంలోని మాజీ సైనికులు ఇందులో తప్పుంటే దిద్దగలరు.