అమెరికా నర్సింగ్‌లో పై చదువులు, మారిన విభాగాలు

అమెరికాలో నర్సింగ్ స్పెషాలిటీలు పట్టాల కంటే ముందే పుట్టాయి. 19వ శతాబ్దం చివరి నాటికే ఆపరేషన్లలో మత్తు ఇచ్చే పని చాలాచోట్ల నర్సుల చేతికి వచ్చింది. సర్జన్లైన మయో సోదరుల దగ్గర పనిచేసిన నర్సు ఆలిస్ మెగా, 14,000కు పైగా కేసుల్లో మత్తు వల్ల ఒక్క మరణమూ జరగలేదని 1906లో ప్రచురించారు. మేరీ బ్రెకెన్‌రిడ్జ్ 1925లో కెంటకీ కొండ ప్రాంతంలో నర్స్ మిడ్‌వైఫ్‌ల సేవను ప్రారంభించారు. వాళ్లు గుర్రాల మీద ఇళ్లకు వెళ్లి కాన్పులు చేసేవారు. ఇలాంటి నైపుణ్యాలకు అప్పట్లో పనిలో అనుభవం, కొన్నాళ్ల శిక్షణ సరిపోయేవి. విశ్వవిద్యాలయ పట్టా అక్కర్లేకపోయేది.

ఆ పట్టా మరో అవసరం కోసం వచ్చింది. అప్పట్లో నర్సింగ్ స్కూళ్లను ఆస్పత్రులే నడిపేవి, విద్యార్థినులతోనే వార్డు పని చేయించుకునేవి. వాటికి సూపరింటెండెంట్లను, టీచర్లను తయారుచేయడానికి కొలంబియా విశ్వవిద్యాలయపు టీచర్స్ కాలేజీ 1899లో ఒక కోర్సు పెట్టింది. అక్కడే 1907లో అడిలైడ్ నటింగ్ ప్రొఫెసర్ అయ్యారు. నర్సుకు ఆ హోదా దక్కడం ప్రపంచంలో అదే మొదటిసారి. ఆ తర్వాత దశాబ్దాల పాటు పై చదువు అంటే బోధన, లేదా పరిపాలన. చదివినకొద్దీ నర్సు రోగికి దూరమయ్యేది.

నర్సు హిల్డెగార్డ్ పెప్లా 1954లో ఈ వరస మార్చారు. రట్గర్స్ విశ్వవిద్యాలయంలో ఆమె పెట్టిన మాస్టర్స్ కోర్సు మానసిక రోగుల సంరక్షణలోనే నిపుణులను తయారుచేసింది. క్లినికల్ నర్స్ స్పెషలిస్ట్ అనే పాత్ర అక్కడి నుంచి ఎదిగింది. 1965లో కొలరాడోలో నర్సు లొరెట్టా ఫోర్డ్, పిల్లల డాక్టర్ హెన్రీ సిల్వర్ కలిసి, డాక్టర్లు చాలని ప్రాంతాల పిల్లల కోసం, రోగులను స్వయంగా పరీక్షించి చికిత్స చేసే నర్స్ ప్రాక్టిషనర్ శిక్షణ మొదలుపెట్టారు. తొలి కోర్సులు చాలావరకు నెలల్లో ముగిసే సర్టిఫికెట్ కోర్సులే. 1990ల నాటికి మాస్టర్స్ మామూలైంది. 1997 నాటి చట్టంతో, ప్రాక్టిషనర్ల సేవలకు డాక్టర్ ఫీజులో 85 శాతం ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ నేరుగా చెల్లించే ఏర్పాటు దేశమంతటా వచ్చింది. అదే కాలంలో ఆస్పత్రులు ఖర్చు తగ్గించుకునేందుకు క్లినికల్ స్పెషలిస్టుల పోస్టులు కోసేశాయి. ఆ నర్సుల్లో చాలామంది తిరిగి చదువుకుని ప్రాక్టిషనర్లయ్యారు.

నర్సింగ్ సంస్థలు 2008లో రూపొందించిన ఉమ్మడి నమూనా ఈ పాత్రల మధ్య గీతలను గట్టిపరచింది. అందులో పాత్రలు 4: ప్రాక్టిషనర్, క్లినికల్ స్పెషలిస్ట్, మిడ్‌వైఫ్, మత్తు నర్సు. రోగుల వర్గాలు 6: కుటుంబం, పెద్దలు–వృద్ధులు, నవజాత శిశువులు, పిల్లలు, మహిళలు, మానసిక ఆరోగ్యం. ఏ వర్గంలో చదివితే ఆ వర్గానికే సర్టిఫికేషన్. కుటుంబ విభాగంలో మాస్టర్స్ ఉన్న ప్రాక్టిషనర్ మానసిక విభాగానికి మారాలంటే పోస్ట్ గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్ చదవాలి. రోగ శరీరధర్మ శాస్త్రం, రోగి పరీక్ష, ఔషధ శాస్త్రం వంటి పాత సబ్జెక్టులు సాధారణంగా లెక్కలోకి వస్తాయి. క్లినికల్ గంటలు, సర్టిఫికేషన్ పరీక్ష మాత్రం కొత్తగా పూర్తిచేయాలి. రెండో మాస్టర్స్ అక్కర్లేదు.

డాక్టరేట్ విషయంలోనే వాదన తెగలేదు. 2015 కల్లా ప్రాక్టీసుకు డాక్టర్ ఆఫ్ నర్సింగ్ ప్రాక్టీస్ పట్టా ప్రమాణం కావాలని నర్సింగ్ కాలేజీల సంఘం 2004లో తీర్మానించింది. ఆ గడువు దాటినా మాస్టర్స్ కోర్సులు ఆగలేదు. 1,316 మంది రోగులపై జరిగి 2000లో వెలువడిన మండింజర్ అధ్యయనంలో ప్రాక్టిషనర్ల, డాక్టర్ల ప్రాథమిక వైద్య ఫలితాలు ఇంచుమించు సమానంగా తేలాయి. అది డాక్టరేట్ తీర్మానానికి ముందు తరం ప్రాక్టిషనర్ల పని. పైగా డాక్టరేట్ ఉన్నంత మాత్రాన మందులు రాసే అధికారం పెరగదు. దాన్ని నిర్ణయించేది రాష్ట్ర చట్టం.

అందుకే పట్టా విలువ పాత్రను బట్టి మారుతుంది. మత్తు నర్సు కావాలనుకునేవారికి ఎంపిక లేదు: 2022 నుంచి ఆ కోర్సులో చేరేవారందరికీ డాక్టరేట్ తప్పనిసరి. ప్రాక్టిషనర్‌కు మాస్టర్స్, జాతీయ సర్టిఫికేషన్ ఉంటే లైసెన్సుకు దారి ఉంది. విశ్వవిద్యాలయంలో బోధనకు, నాయకత్వ పదవులకు మాత్రం డాక్టరేట్ బాగా కలిసివస్తుంది.