కలంకారీ బట్ట ముందు ఫ్రేలింగ్ విభజన

కళా పరిశోధన గురించి రాసేవాళ్లు చాలామంది క్రిస్టఫర్ ఫ్రేలింగ్‌కు ఒక నమస్కారం పెట్టి ముందుకు సాగుతారు. 1993లో లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్ పరిశోధన పత్రాల్లో ఆయన చేసిన విభజన ఇప్పటికీ చలామణిలో ఉంది: కళ గురించి పరిశోధన, కళ ద్వారా పరిశోధన, కళ కోసం పరిశోధన. మొదటిది చరిత్ర, సిద్ధాంతాల పని. రెండోది ముడిసరుకు మీద, పద్ధతి మీద ప్రయోగం. మూడోదానిలో ఆలోచన తయారైన వస్తువులోనే ఇమిడి ఉంటుంది. దాన్ని పరిశోధనగా ఒప్పుకోవడానికి ఆయన తటపటాయించారు.

పేచీ అక్కడే.

శ్రీకాళహస్తి కలంకారీలో రెండోదానికీ మూడోదానికీ మధ్య గీత గీయడం సాధ్యం కాదు. నూలుబట్టను ముందు కరక్కాయ పొడి కలిపిన పాలలో ముంచి ఎండబెడతారు. పాలలోని కొవ్వు రంగును పాకనివ్వదు. బెల్లం నీళ్లలో ఇనుప ముక్కలు వేసి రోజుల తరబడి పులియబెట్టిన ద్రావణం కుండలో ఉన్నప్పుడు అంత నల్లగా ఉండదు. కరక్కాయ పట్టిన బట్టకు తగలగానే నల్లబడుతుంది. వెదురు కలానికి చుట్టిన గుడ్డను వేళ్లతో ఎంత నొక్కితే అంత ద్రావణం దిగుతుంది. తప్పు పడితే చెరిపే వీలు లేదు. ఎరుపు సంగతి మరీ విచిత్రం: పటిక నీరు రాసినచోటే అది పట్టుకుంటుంది, అదీ రంగునిచ్చే వేర్లతో కలిపి ఉడికించాక. అంటే చిత్రకారుడు రేపు కనిపించబోయే రంగును ఇవాళే ఊహించి కలం కదుపుతాడు. ఇందులో రసాయన ప్రయోగం ఎక్కడ ముగిసింది, చిత్రరచన ఎక్కడ మొదలైంది? రెండూ ఒకే వేలి ఒత్తిడిలో ఉన్నాయి.

ఈ పద్ధతి మీద పీజీ చేసే విద్యార్థికి సిద్ధాంత గ్రంథం వేరే, ప్రదర్శన వేరే అనడం అన్యాయం. పులిసిన రోజులు, పటిక పాళ్లు, ఎండ, ఉతుకుల లెక్క రాసి అతికించిన నమూనా ముక్కల పుస్తకమే గ్రంథం. రంగు పాకి పాడైన ముక్కలకు అందులో మొదటి చోటు దక్కాలి. ఎందుకు పాకిందో చెప్పగలిగేది అవే. వస్తువుతో పాటు దాని సందర్భాన్ని మాటల్లో చెప్పాలని పరిశోధకురాలు లిండా క్యాండీ 2006లో అన్న మాట నిజమే; ఆ మాటలు ఈ పుస్తకంలోనే ఉన్నాయి.

కలంకారీకి చెప్పింది మిగతా కళలకూ చెల్లుతుంది. చిత్రకారుడు జార్జ్ స్టబ్స్ ఇంగ్లండ్‌లోని హార్క్‌స్టో గ్రామంలో దాదాపు 18 నెలలు గుర్రాల కళేబరాలను పొరపొరగా కోస్తూ గీశాడు. చెక్కడానికి ఎవరూ ముందుకు రాకపోతే రాగిరేకులు తానే చెక్కి 1766లో పుస్తకం తెచ్చాడు. అందులో వివరణలూ ఉన్నాయి. కానీ ఏ కండరం ఏ ఎముకకు ఎక్కడ అతుక్కుందో చూడాలనుకునేవాడు తెరిచేది బొమ్మల పేజీలే.