లైబ్రరీలో సిబ్బంది సరిపడా ఉన్నారా? ఇలా లెక్క వేయండి

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్, ఎల్బీనగర్‌లో హాస్టల్. చదువుకుందామని దగ్గర్లోని ప్రభుత్వ గ్రంథాలయానికి వెళ్తే అడిగిన పుస్తకం ఏ ర్యాక్‌లో ఉందో చెప్పేవారు లేరనుకోండి. ‘సిబ్బంది సరిగా పనిచేయడం లేదు’ అనేస్తాం. అసలు ఉండాల్సినంత మంది ఉన్నారా? ముందు అది తెలుసుకోవాలి.

లెక్క ఏంటి?

భారత గ్రంథాలయ శాస్త్ర పితామహుడు ఎస్.ఆర్. రంగనాథన్ పనిని బట్టి సిబ్బందిని లెక్కగట్టే సూత్రం ఇచ్చారు. కాలేజీ లైబ్రరీలకూ ఇది పనికొస్తుంది. అందులో ముఖ్యమైనవి:

• కౌంటర్: ఏడాదికి 1,500 గంటలకు ఒకరు
• పాఠకులకు సాయం: రోజుకు 50 మందికి ఒకరు
• కొత్త పుస్తకాల వర్గీకరణ, కేటలాగ్: ఏడాదికి 2,000 పుస్తకాలకు ఒకరు

ఉదాహరణకు ఒక లైబ్రరీ రోజుకు 8 గంటల చొప్పున ఏడాదిలో 300 రోజులు తెరిచి ఉంటుందనుకుందాం. అంటే 2,400 గంటలు. ఒక కౌంటర్‌కే 1.6 మంది కావాలి. రోజూ 100 మంది వస్తే మరో ఇద్దరు. ఏటా 1,000 కొత్త పుస్తకాలు చేరితే ఇంకో అర మనిషి పని. మొత్తం నలుగురు! అక్కడ ఒక్కరే ఉంటే ముందుగా ఆగిపోయేది కేటలాగ్ పని. పుస్తకం ర్యాక్‌లోనే ఉన్నా మీకు దొరకదు.

రిజిస్టర్ ఒక్కటే చూడొద్దు

ఎన్ని పుస్తకాలు ఇచ్చారన్నదే పనితీరుకు కొలమానం కాదు. పోటీ పరీక్షల అభ్యర్థులు సొంత మెటీరియల్ తెచ్చుకుని రీడింగ్ రూమ్‌లో కూర్చుంటారు. ఇష్యూ రిజిస్టర్‌లో వారి లెక్క కనిపించదు. రోజూ ఎంతమంది వస్తున్నారు, అడిగిన పుస్తకం ఎంతసేపట్లో దొరుకుతోంది అన్నవీ చూడాలి.

డబ్బు మీదే

ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. మునిసిపల్ కార్పొరేషన్ దీన్ని వసూలు చేసి గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. జమ కాకపోతే కొత్త పుస్తకాలు, నిర్వహణపై దెబ్బ పడుతుంది.

మీరేం చేయొచ్చు?

మీ లైబ్రరీ బోర్డు చూడండి. హైదరాబాద్ నగర గ్రంథాలయ సంస్థదా, రంగారెడ్డి జిల్లా గ్రంథాలయ సంస్థదా తెలుస్తుంది. ఆ సంస్థకు రూ.10 ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మంజూరైన పోస్టులు, ఖాళీలు, నిరుడు చేరిన పుస్తకాలు, అందిన సెస్సు వివరాలు అడగండి. 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. వచ్చిన అంకెలను పై లెక్కతో పోల్చండి. లోపం సిబ్బంది పనిలో ఉందా, ఖాళీ కుర్చీల్లో ఉందా తేలిపోతుంది.