పెళ్లి పడవ వంశంలో చివరి రాజభవనం

పుట్టడం పడవలోనే, పోవడమూ పడవలోనే. పెళ్లికి మాత్రం ఇంకో పడవ అద్దెకు తీసుకునేవారు! హాంకాంగ్ దక్షిణ తీరంలోని అబర్డీన్ రేవులో తాంకా జాలరుల ఆచారమిది. ఈ ముక్క చదివినప్పుడు కలిగిన సంతోషమే నన్ను ‘జంబో’ అనే నీటి మీది భోజనశాల దాకా లాక్కెళ్లింది.

తాంకాలను నేల మీది జనం శతాబ్దాల పాటు చిన్నచూపు చూశారు. ఒడ్డున కాపురానికి 1729లో చైనా చక్రవర్తి యోంగ్‌జెంగ్ అనుమతించినా, ఆ చూపు మారలేదు. జాలరి కాపురముండే పడవలో, పెళ్లికి వచ్చే బంధుమిత్రులందరికీ విస్తరి వేసే చోటెక్కడిది? అందుకే ఇంజనులేని వెడల్పాటి పడవలను అలంకరించి రేవులో కట్టేసేవారు. వాటిలోనే విందు, వాటిలోనే పాట. పాటకచేరీ పడవలనే పేరు కూడా అలా వచ్చిందే. ‘ఉప్పునీటి పాటలు’ వాళ్ల సొంత సొత్తు. పెళ్లిళ్లలో పాటకు పాట బదులు చెప్పుకునేవారు. తేలే భోజనశాలకు పుట్టిల్లు ఏ హోటలూ కాదు, ఈ పెళ్లి పందిరే. నాకు ఈ కథలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టమూ ఇదే.

1950ల్లో ‘తై పాక్’ వంటి తేలే భోజనశాలలు పర్యాటకులను పిలిచాయి. అతిథులను ఒడ్డు నుంచి సాంపాన్లనే చిన్న పడవల్లో చేరవేసేవారు. చాలావాటికి తెడ్డు వేసేది ఆడవాళ్లే. బతికున్న చేపను ఎంచుకుంటే, అదే కాసేపట్లో వండి వడ్డించేవారు. 1955 నాటి హాలీవుడ్ సినిమా ‘లవ్ ఈజ్ ఎ మెనీ స్ప్లెండర్డ్ థింగ్’లో తై పాక్ కనిపిస్తుంది. బ్రూస్ లీ ‘ఎంటర్ ద డ్రాగన్’ చూసినవాళ్లకు ఆ రేవు, ఆ సాంపాన్లు గుర్తుండే ఉంటాయి.

ఇక జంబో. 1971 అక్టోబరులో, ఇంకా తెరవకముందే, అగ్నిప్రమాదంలో 34 మంది చనిపోయారు. తర్వాత మకావు జూద సామ్రాజ్యాధిపతి స్టాన్లీ హో దాన్ని చేతిలోకి తీసుకుని, 1976లో ప్రారంభించారు. దాదాపు 76 మీటర్ల పొడవు, బంగారు డ్రాగన్లు, చైనా రాజభవనం పోకడ. వంటశాల మాత్రం పక్కనే వేరే పడవ మీద! పెళ్లి పడవల నిరాడంబరత ఇందులో వెతికినా దొరకదు. అయినా ఆ దర్జా జనానికి నచ్చింది. జాలరులేమో ఒక్కొక్కరే ఒడ్డునున్న ఎత్తయిన మేడల్లోకి చేరిపోయారు.

కోవిడ్‌తో 2020 మార్చిలో జంబో మూతపడింది. 2022 జూన్ 14న దాన్ని రేవు నుంచి లాక్కెళ్లారు. రోజుల్లోనే దక్షిణ చైనా సముద్రంలో తలకిందులైంది. అక్కడి లోతు వెయ్యి మీటర్లకు పైమాటే. దాని కోసం లోకమంతా బాధపడింది. న్యాయమే. కానీ అంతకన్నా పెద్ద నష్టం ఎప్పుడో జరిగిపోయిందని నా బాధ: పెళ్లికి పడవ కట్టుకుని, పాటతో పాటను ఎదుర్కొన్న ఆ బతుకు కనుమరుగైనప్పుడు పత్రికల్లో ఇంత గోల లేదు. పాటలకైనా కొంత ఆసరా దొరికింది. ఎదుటి తీరాన, గువాంగ్‌డాంగ్‌లోని జోంగ్‌షాన్ ఉప్పునీటి పాటలను చైనా 2006లో తన జాతీయ వారసత్వ జాబితాలో చేర్చింది.