ఫైలకా దిబ్బలలో ఇల్లూ గుడీ

కువైట్‌లో సాల్మియాకు దక్షిణంగా సముద్రపుటొడ్డున ఉన్న సల్వాలో పాతకాలపు జాడ ఏదీ కంటబడదు. ఉన్నవన్నీ చమురు సంపద వచ్చాక లేచిన విల్లాలు, విశాలమైన వీధులు. ఉపాధి కోసం కడప నుండో గోదావరి జిల్లాల నుండో అక్కడికి చేరినవారికి ఈ దేశపు చరిత్ర చమురుతోనే మొదలైందని తోచడం సహజం. అయితే రాజధాని తీరానికి సుమారు 20 కిలోమీటర్ల దూరాన, ఇదే సముద్రంలో ఉన్న ఫైలకా దీవి ఆ అభిప్రాయాన్ని నాలుగు వేల ఏళ్ళు వెనక్కి నెడుతుంది.

పి.వి. గ్లోబ్, జెఫ్రీ బిబ్బీల నాయకత్వంలో డెన్మార్క్ బృందం 1958లో ఇక్కడ తవ్వకాలు ప్రారంభించింది. ఎఫ్3, ఎఫ్6 అని వారు పేర్లు పెట్టిన దిబ్బలలో క్రీ.పూ. 2000 ప్రాంతపు దిల్మున్ నాగరికత బయటపడింది. సుమేరు కథలలో దిల్మున్ పుణ్యభూమి. సుమేరు వర్తకుల లెక్కలలో మాత్రం రాగి దొరికే రేవు. తవ్వకాలు ఈ రెండవ చిత్రానికే ఎక్కువ బలాన్నిచ్చాయి. దీవిలో 400కు పైగా గుండ్రని ముద్రలు దొరికాయి. స్టియటైట్ అనే మెత్తని రాతితో చేసిన ఈ ముద్రల వెనుకవైపు మూడు గీతలు, చుక్క ఉన్న నాలుగు వలయాలు ఉంటాయి. ముందువైపు జింకలు, ఎద్దులు, పడవలు, ఒకే కుండలో గొట్టాలు పెట్టి పానీయం పీలుస్తున్న ఇద్దరు మనుషులు. అది విందో, పూజో, ఒప్పందం కుదిరిన సందర్భమో తేల్చడం కష్టం. ఆ మనుషులకు ఈ మూడూ వేరువేరు సంగతులు కాకపోవచ్చు కూడా. ఇదే జాతి ముద్ర గుజరాత్‌లోని లోథల్‌లోనూ దొరికింది కనుక ఈ సముద్రంపై మన ఉపఖండపు రాకపోకలు కొత్తవి కావు.

ఫైలకాలో దొరికిన శాసనాలలో ఇన్‌జాక్ అనే దేవుడి పేరు పదేపదే వస్తుంది. సుమేరు పురాణం ఇతనిని దిల్మున్ ప్రభువంటుంది. అంతటి దేవుడి పేరు ఇక్కడ రాతిపాత్రల మీద చెక్కి కనబడుతుంది. గ్రంథంలోని దేవుడికీ పాత్ర మీది దేవుడికీ మధ్య ఉన్న ఈ దూరమే పురావస్తు శాస్త్రానికి అసలు పని.

ప్రాచీన ఇజ్రాయేలీయుల విషయంలో ఈ దూరం మరింత స్పష్టం. బైబిలు ఏకదేవారాధననూ, యెరూషలేములోని ఒకే ఆలయాన్నీ విధిస్తుంది. సీనాయి ఎడారిలోని కుంటిల్లెత్ అజ్రూద్‌లో 1975–76లో తవ్విన ఒక పెద్ద జాడీ మీద మాత్రం సమరియ యెహోవా పేరిటా, ఆయన అషేరా పేరిటా ఆశీస్సు రాసి ఉంది. యూదా రాజ్యపు ఇళ్ళలో స్త్రీమూర్తుల మట్టిబొమ్మలు వందల సంఖ్యలో దొరికాయి. తెల్ అరాద్ కోటలో ఏకంగా ఒక గుడే ఉంది. దాని రెండు ధూపపీఠాల మీది మసిని పరీక్షించి 2020లో ప్రకటించిన ఫలితాల ప్రకారం ఒకదానిపై గంజాయి కాలింది, రెండవదానిపై సాంబ్రాణి. ఆ సాంబ్రాణి అరేబియా దక్షిణ తీరాల సరుకు. దీనిని బట్టి గ్రంథం అబద్ధమని తేల్చేయడం తొందరపాటు. ఏవి మానమని ప్రవక్తలు అంతగా మందలించారో అవి ఇంటింటా జరుగుతున్నాయనడానికి ఆ మందలింపే సాక్ష్యం.

ఫైలకాలో గ్రీకుల ఘట్టం వచ్చేసరికి గ్రంథమూ గునపమూ కొంత దగ్గరపడతాయి. అలెగ్జాండర్ ఈ దీవికి ఇకారోస్ అని పేరు పెట్టాడనీ, ఇక్కడ ఆర్టెమిస్ ఆలయం ఉందనీ, ఆమెకు చెందిన మేకలనూ జింకలనూ బలి కోసం తప్ప ఎవరూ వేటాడరనీ అరియన్ రాశాడు. 1937లో దొరికిన రాతిపై సోటెలెస్ అనే ఏథెన్సువాసి, సైనికులు కలిసి రక్షకుడైన జియస్‌నూ, పొసైడన్‌నూ, రక్షకురాలైన ఆర్టెమిస్‌నూ స్మరించారు. సముద్రం దాటి వచ్చినవారు ముందుగా ఎవరిని తలచుకుంటారో ఆ మూడు పేర్లే చెబుతాయి. ఎఫ్5 దిబ్బ కింది కోటలోని గుడికి స్తంభాలు గ్రీకు అయోనిక్ పద్ధతివి, వాటి పీఠాలు పారశీక పద్ధతివి. చెక్కిన శిల్పులు ఎక్కడివారో గానీ, చేతికి అలవాటైన పనిని వదులుకోలేదు. గుడి ముందు దొరికిన మరో శాసనం సెల్యూకస్ వంశపు పాలనలో నడిచిన ఒక లేఖ. దాని కాలం మీద పండితులకు ఏకాభిప్రాయం లేదు. రక్షకురాలి గుడిని మరోచోటికి మార్చడం, ఆటల పోటీలు, సంగీత పోటీలు జరపడం, పన్ను మినహాయింపు, సాగుకు భూమి అన్నీ అందులో ఒకే ఊపులో వస్తాయి. దేవుడి సంగతీ శిస్తు సంగతీ ఒకే కాగితంలో చూడటం మన దేవాలయ శాసనాలు చదివినవారికి వింత కాదు.

దీవి మధ్యనున్న అల్ కుసూర్‌లో ఫ్రెంచి బృందం 1980ల చివర ఒక క్రైస్తవ చర్చిని వెలికితీసింది. దాని గచ్చుపనిలో సిలువలున్నాయి. తొలుత దానిని 5, 6 శతాబ్దాలదిగా భావించారు. కుండపెంకుల అధ్యయనం ఆ తేదీని ఇస్లాం వచ్చిన తర్వాతి కాలానికి జరిపింది. కొత్త మతం రాగానే పాతది మాయమైందన్న సులువైన కథ ఆ పెంకుల ముందు నిలవదు.

తీరంలో ఖిద్ర్ పేరిట ఉన్న దర్గాకు మొక్కుల కోసం జనం వచ్చేవారు. అదే పేరున్న చోట దిల్మున్ కాలపు ఆవాసాన్ని 2004 నుండి స్లొవాకియా బృందం తవ్వింది. 1990లో ఇరాక్ సైన్యం దీవివాసులందరినీ ఖాళీ చేయించింది, తీరాన మందుపాతరలు పరిచింది. జాతీయ మ్యూజియం దోపిడీకి గురైంది. అక్కడి వస్తువులలో చాలా భాగం తర్వాత తిరిగి వచ్చాయి. తవ్వకాలూ మళ్ళీ మొదలయ్యాయి. దీవివాసులు మాత్రం ప్రధానభూమిలోనే ఉండిపోయారు. జోర్ గ్రామంలో వారు విడిచిన ఇళ్ళు తూటాల గుంతలతో, తలుపుల్లేని గదులతో ఎఫ్3 దిబ్బకు ఎంతో దూరం కాకుండా నిలిచి ఉన్నాయి.